పై పన్నుకు క్లెయిమ్ రాని ఊళ్ళు

నా పై దవడలో కుడివైపు వెనకాల ఒక పన్ను లేదు. నవ్వితే ఆ సందు కనిపిస్తుంది. నేను కొంచెం ఎక్కువే నవ్వుతాను కాబట్టి అందరికీ కనిపిస్తుంది. కట్టించుకోవచ్చు కదా మేడం అని అడిగిన ప్రతివాళ్ళకూ దాని కథ చెబుతూ వచ్చాను. రిటైరయ్యాక కూడా పాత ఆఫీసు పిల్లలు ఫోన్ చేసి, "ఆ పన్ను సంగతి ఇంకోసారి చెప్పండి మేడం" అంటుంటే ఇక లాభం లేదని రాయడానికి కూర్చున్నాను. బీమా ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు, ముఖ్యంగా కంప్యూటర్ తెర మీద నాలుగు రంగులు చూసి లోకమంతా అర్థమైపోయిందనుకునేవాళ్ళు, కాస్త ఓపిగ్గా చదవండి. మిమ్మల్ని తిట్టడానికి కాదు. ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు, అందుకని.

నేను పనిచేసింది నిజామాబాద్‌లో, ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే ఒక చిన్న ఆఫీసులో. ఆస్పత్రి బిల్లు వస్తే అది నిజమా కాదా, ఇవ్వాలా వద్దా తేల్చడం మా పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో పేరు. అది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. చివరి కొన్నేళ్ళు నా బల్ల మీదికి ఎక్కువగా పళ్ళ క్లెయిములే వచ్చేవి. మన దగ్గర పళ్ళ వైద్యానికి బీమా దొరకడమే అరుదు. కానీ రెండు సంఘాలు తమ సభ్యుల కుటుంబాల కోసం తీసుకున్న పాలసీల్లో అది కూడా ఉండేది. ఒకటి టౌన్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ళ సంఘం. రెండోది బోధన్ వైపు చెరకు రైతుల సంఘం. ఎవరైనా పన్ను పీకించుకున్నా, సిమెంటు నింపించుకున్నా ఆ కాగితం నా దగ్గరికి రావాల్సిందే.

పళ్ళ క్లెయిములో ఒక అందం ఉంది. ప్రతి పన్నుకూ ఒక నంబరు ఉంటుంది. ఒకటితో గానీ రెండుతో గానీ మొదలైతే అది పై దవడ పన్ను, మూడుతో గానీ నాలుగుతో గానీ మొదలైతే కింది దవడది. నంబరు చూస్తే చాలు, ఎవరి నోట్లో ఏ మూల నొప్పి పుట్టిందో కుర్చీలోంచి లేవకుండానే తెలిసిపోతుంది. ఈ కథలో ఇంతకుమించి తెలుసుకోవాల్సిన విద్య ఏమీ లేదు.

అలాంటి రోజుల్లో హైదరాబాద్ పెద్దాఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. మాట్లాడుతూనే టైపు చేసేది, టైపు చేస్తూనే మిర్చి బజ్జీ తినేది. పాత క్లెయిములన్నీ కంప్యూటర్‌లో పోసి, ముందుముందు ఎవరికి పళ్ళు పుచ్చే ప్రమాదం ఎక్కువో లెక్కగట్టడం ఆమె పని. ఆలోచన మంచిదే. ఒకసారి పళ్ళు పుచ్చినవాళ్ళకు మళ్ళీ పుచ్చే అవకాశం ఎక్కువని ఏ పళ్ళ డాక్టరైనా చెబుతాడు. కాబట్టి ఇదివరకు క్లెయిములు ఎక్కువ పెట్టుకున్నవాళ్ళు ఎరుపు, ఒక మాదిరిగా పెట్టుకున్నవాళ్ళు పసుపు, ఒకటీ అరా పెట్టుకున్నవాళ్ళూ అసలు పెట్టుకోనివాళ్ళూ ఆకుపచ్చ. ఎరుపు ఎక్కువున్న సంఘానికి ఒక పళ్ళ బండి పంపుతారు. అందులో కుర్చీ, డాక్టరు అన్నీ ఉంటాయి. పుచ్చు ముదరకముందే పళ్ళకు పూత పూస్తారు, చిన్న చిన్న తొర్రలకు సిమెంటు పెడతారు, ఒక్క రూపాయి తీసుకోరు. కానీ బండి ఒక్కటే. రెండు సంఘాల్లో ఏదో ఒకదానికే. ఆకుపచ్చ ఊళ్ళకు అది రాదు.

నంబర్లు, పేర్లు ఆమెకు వివరించమని మేనేజర్ నన్ను పక్కన కూర్చోబెట్టాడు. ఇద్దరం బాగా కలిసిపోయాం. లెక్క పూర్తయిన రోజు ఆమె తెర నా వైపు తిప్పింది. నిజామాబాద్ టౌన్ మొత్తం మిరపకాయలు ఆరబోసినట్టు ఎర్రగా ఉంది. బోధన్ దాటాక ఆ చెరకు ఊళ్ళన్నీ ఆకుపచ్చ. ఒక్క ఎర్ర చుక్క లేదు.

మా మేనేజర్ కృష్ణా జిల్లా మనిషి. మంచివాడే, కానీ తేలిగ్గా సంతోషపడిపోతాడు. "చూశారా మేడం, చెరకు నమిలితే పళ్ళు గట్టిపడతాయని మా తాతగారు ఊరికే అనేవారు కాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఊళ్ళలో చాయ్‌లో చక్కెర వేసే తీరు నేను చూశాను. గ్లాసులో చెంచా నిలబడుతుంది. పిల్లలు బడికి పోతూ ఒక గడ, వస్తూ ఒక గడ నములుతారు.

"చక్కెర తినేటోళ్ళకు పుచ్చదు, బీడీలు చుట్టేటోళ్ళకు పుచ్చుతదా? గిదేం లెక్క బిడ్డా?" అన్నాను.

"నేను చెప్పట్లేదు మేడం, డేటా చెబుతోంది."

"డేటాకు నోరుంటదా? నోళ్ళు ఉన్నయి వాళ్ళకు. ఎవరన్న తెరిపించి చూసిండ్రా?"

ఆమెకు కోపం రాలేదు. అదే ఆమెలో నాకు నచ్చిన గుణం. "అయితే మీరే చెప్పండి, ఎలా చూద్దాం?" అంది.

నాకు కంప్యూటర్ కంటే కళ్ళ ముందు పరిచి చూస్తేనే బుర్ర పనిచేస్తుంది. మా ఇల్లు టౌన్‌లోనే, కంఠేశ్వర్‌లో. మా వీధి చివర పళ్ళ డాక్టరు ఉన్నాడు. టౌన్ వాళ్ళూ, బోధన్ వైపు వాళ్ళూ ఎక్కువగా అతని దగ్గరికే వచ్చేవారు. అతని దగ్గర పెద్ద పెద్ద పోస్టర్లు ఉండేవి. నోరు బార్లా తెరిచి, పై వరుస, కింది వరుస పళ్ళన్నీ నంబర్లతో సహా చూపించే బొమ్మ. రెండు అడిగి తెచ్చి గోడకు అంటించాను. ఒకటి టౌన్ నోరు, ఒకటి బోధన్ నోరు. నా హ్యాండ్‌బ్యాగులో ఎర్ర బొట్టుబిళ్ళల ప్యాకెట్టు ఎప్పుడూ ఉంటుంది. ఒక్కో క్లెయిముకు ఒక్కో బొట్టు. పేర్లు వద్దు, బిల్లు లెక్కలు వద్దు, పన్ను నంబరు ఒక్కటే.

నేను ఇలా మొదలుపెట్టానో లేదో ఆఫీసంతా చేరింది. అకౌంట్స్ సెక్షన్ ఆయన నంబర్లు చదివాడు. అచ్చం హౌసీ ఆటలో అంకెలు పిలుస్తున్నట్టు గొంతు సాగదీసి మరీ చదివాడు. నేనూ హైదరాబాద్ అమ్మాయీ ఎగబడి బొట్లు పెట్టాం. టౌన్ నోరు తొందరగానే నిండింది. పైనా ఎరుపు, కిందా ఎరుపు. బోధన్ నోటికి వచ్చేసరికి క్లెయిములు తక్కువే, కానీ ఆకుపచ్చ అంటే అసలు లేవని కాదు కదా, అక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. ఒక్కటొక్కటే పెడుతూ పోయాం. ఆయన చదవడం ఆపాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి చూశాను.

బోధన్ నోట్లో బొట్లన్నీ కింది వరుసలోనే ఉన్నాయి. పై వరుస ఖాళీ. కడిగిన పళ్ళెంలాగా ఒక్క మరక లేదు.

అబ్బా, ఆ క్షణం! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా. హైదరాబాద్ అమ్మాయి కుర్చీ ఎక్కి పోస్టర్ దగ్గర ముఖం పెట్టి చూసింది. "నంబర్లు తప్పు పడ్డాయేమో?" అంది. లేదు. "నీళ్ళలో ఏమైనా ఉందేమో?" అంది. పై పళ్ళకు ఒక నీళ్ళు, కింది పళ్ళకు ఒక నీళ్ళు ఉంటాయా? అకౌంట్స్ ఆయన, పై పళ్ళతో నమలరేమో అన్నాడు. అందరం ఆయన వైపు చూశాం. ఆయన మళ్ళీ క్లెయిముల కట్టలో తల దూర్చాడు.

డాక్టరుకు ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను.

"అక్కా, మీరు అడిగితే గుర్తొస్తున్నది," అన్నాడు. "బోధన్ దిక్కోళ్ళు వస్తరు, కింది పండ్లు చూపిస్తరు. జర మీది పండ్లు కూడ చూస్త అంటే నోరు మూసుకుంటరు. మల్ల వస్తం డాక్టర్ సాబ్ అంటరు. రారు. సూదికి భయపడుతున్నరనుకున్న."

"కింది పన్నుకు సూది లేదా మరి?"

"అవును గదా" అన్నాడు డాక్టరు.

అమ్మాయి కుర్చీ దిగి తల పట్టుకుంది. ఆమె లెక్కలో ఎక్కడ బొక్క ఉందో ఆమెకు నాకంటే ముందే తెలిసింది. క్లెయిమ్ రాకపోతే పన్ను బాగున్నట్టేనని కంప్యూటర్‌కు చెప్పింది తనే. ఆమెను ఒక్కదాన్నే అనడానికి లేదు, ఆ నియమం హైదరాబాద్‌లో పెద్దవాళ్ళందరూ కూర్చుని ఒప్పుకున్నదే. నేనూ తలూపినదాన్నే. పన్ను పుచ్చడం ఒకటి, పుచ్చిన పన్నును తీసుకొచ్చి డాక్టరుకు చూపించడం ఇంకొకటి. మనం చూసేది రెండోదాన్ని మాత్రమే. ఈ ఒక్క ముక్క మీరు గుర్తుపెట్టుకుంటే నేను పన్ను పోగొట్టుకున్నందుకు ఫలితం దక్కినట్టే.

మేనేజర్ మాత్రం ఇంకా నమ్మలేదు. "మేడం, ఖాళీ వరుస చూపించి హైదరాబాద్ వాళ్ళను బండి పంపమంటే నవ్వుతారండి. పై పన్ను పుచ్చిన నోరు కనీసం ఒక్కటైనా చూపించండి. రిపోర్టు అప్పటిదాకా ఆపుతాను" అన్నాడు. అది చాలు మాకు.

మరుసటి వారమే నేను, హైదరాబాద్ అమ్మాయి, డాక్టరు అతని కారులో బోధన్ దాటి ఆ చెరకు ఊళ్ళలో ఒకదానికి వెళ్ళాం. వెనక డిక్కీలో మడత కుర్చీ, సామాను డబ్బాలు. గడ నరికే రోజులు. దారి పొడుగునా ట్రాక్టర్లు, వాటి వెనక వేలాడుతూ గడ గుంజుకునే పిల్లలు. అమ్మాయి కిటికీలోంచి వాళ్ళనే చూస్తూ, "అందరూ ఆకుపచ్చ" అని తనలో తాను గొణుక్కుంది. నాకు నవ్వాగలేదు.

సంఘం షెడ్డులో కుర్చీ వేశాం. ఆడవాళ్ళు బాగానే వచ్చారు. ఆ ఊళ్ళో మగవాళ్ళు చెరకు తోటల్లో ఉంటే ఆడవాళ్ళు ఇంట్లో బీడీలు చుడతారు. బీడీలు చుట్టే చాటలు చంకన పెట్టుకునే వచ్చారు, వంతు వచ్చేదాకా చేతులు ఖాళీగా ఉండకూడదు కదా. ఒక్కొక్కరూ కూర్చుని కింది పెదవి కిందికి లాగి చూపిస్తున్నారు. డాక్టరు అద్దం పైకి తిప్పగానే టక్కున నోరు మూస్తున్నారు. నా ఎదురుగానే జరుగుతోంది. పోస్టరు బతికొచ్చినట్టు ఉంది.

ఇక ఊరుకోలేక అడిగేశాను. "ఏందమ్మా, మీది పండ్లు ఎందుకు చూపిస్తలేరు? గవి మీయి కావా?"

అందరూ ఒకవైపు చూశారు. షెడ్డు మూలన కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్లటి ధోవతి, తలకు రుమాలు, చేతిలో కర్ర. సంఘం అధ్యక్షుడి తండ్రి. ఊరంతా ఆయనను బాపు అనే పిలుస్తుంది.

"నన్ను సూడు బిడ్డా, తెలుస్తది," అన్నాడాయన. ఆయన నా వైపు తిరగలేదు, నా గొంతు వైపు తిరిగాడు. "మీది కోరపన్ను నొస్తే పీకించిన. అటెన్క రెండేండ్లకు కండ్లు మసక. ఇప్పుడు పొద్దున్నదో పోయిందో గంతే తెలుస్తది. మీది పండ్ల నరాలు కండ్లల్లకు పోతయి. ఎవ్వలు పోగొట్టుకోవద్దని అందరికి సెప్తున్న."

చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయన మాటంటే గురి. పెళ్ళి తగాదాలు, గట్టు తగాదాలు ఆయన దగ్గరే తెగుతాయి. అలాంటి మనిషి తన కళ్ళే చూపించి చెబితే నమ్మకుండా ఎవరుంటారు? ఇలాంటి మాట అన్ని ఊళ్ళలోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, మా అమ్మమ్మ కూడా అనేది. కానీ ఇక్కడ దానికి ఒక మనిషి సాక్ష్యం కూర్చుని ఉన్నాడు. ఆయనలో రవ్వంత మోసం లేదు. పిల్లలు గుంతలో పడతారేమోనని అడ్డం పెట్టినట్టు ఊరికి అడ్డం పెట్టాడు, అంతే.

డాక్టరు టార్చి తీసి ఆయన కళ్ళలోకి చూశాడు. "బాపూ, ఇది మోతిబిందు. కంట్ల తెల్లపొర. పన్నుకు సంబంధం లేదు, ఆపరేషన్ చేస్తే కనపడతది" అన్నాడు.

బాపు నవ్వాడు. "పండ్ల డాక్టర్‌వు, కండ్ల సంగతి నీకేం ఎర్క బిడ్డా?" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది. మా డాక్టరు ముఖం చూడాలి!

అప్పుడే నేను ఆమెను గమనించాను. షెడ్డు గోడకు ఆనుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. నడివయసు కూడా రాలేదు. వంతుకు రాలేదు, వెళ్ళిపోనూ లేదు. దగ్గరికి వెళ్ళి కొంగు పక్కకు తీశాను. ఎడమ చెంప ఉబ్బి, ఆ వాపు పైదాకా పాకి, కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

డాక్టరు పరుగున వచ్చాడు. ఎలాగో బతిమాలి పై పెదవి ఎత్తి చూశాడు. నవ్వంతా పోయింది ముఖంలోంచి. "అక్కా, కోరపన్ను. లోపలంతా చీము. ఇది ఆగదు. ఇవ్వాళే తీసుకపోవాలె, పెద్ద దవాఖానల పెట్టి చీము తీసి, మందెక్కించి, పన్ను తీసెయ్యాలె. ఆలస్యమైతే కన్నే కాదు, ప్రాణం మీదికొస్తది" అని నాతో మెల్లగా అన్నాడు.

మెల్లగా అన్నా ఆమె విన్నది. "వద్దు," అంది. "ఒక కన్ను ఎట్లనో మూసుకపోయింది. మీది పన్ను పీకి ఇంకో కన్ను గూడ పోగొట్టుకుంటనా? కన్ను లేకుంటె బీడీ ఎట్ల సుడుత? నా ఇల్లు గడిసేదే బీడీల మీద. ఆయన గడ నరకవోయి నడుము ఇరగ్గొట్టుకుండు."

"పన్ను వల్లనే కన్ను మూసుకుంది తల్లీ" అన్నాడు డాక్టరు.

"గందుకే గద ముట్టద్దనేది" అంది ఆమె.

హైదరాబాద్ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చదువుకున్న ముగ్గురం ఆమె చుట్టూ గొంతుక్కూర్చుని, మాకు తెలిసిన వైద్యం, లెక్కలు అన్నీ చెప్పాం. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఒక్క ముసలాయన కళ్ళ ముందు మా వేల క్లెయిములు దేనికీ పనికిరాలేదు.

ఇప్పుడు నా పన్ను సంగతి. పై దవడలో కుడివైపు ఒక దంతం ఎప్పుడో పుచ్చింది. మా వీధి చివరే డాక్టరు ఉన్నా, రోజూ పళ్ళ కాగితాలే చూసినా, సూదంటే భయంతో ఏడాదికి పైగా లవంగం పెట్టుకుని నెట్టుకొచ్చాను. ఇక మిగిలింది పీకడమేనని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ షెడ్డులో నాకు హఠాత్తుగా ఏమనిపించిందో, లేచి వెళ్ళి ఆ మడత కుర్చీలో కూర్చున్నాను.

"నాది మీది పన్ను పీకు," అన్నాను డాక్టరుతో. "ఇక్కడనే. వీళ్ళందరి ముందట."

"అక్కా, ఇప్పుడా?"

"జల్ది పీకు, నాకు మల్ల భయమైతది."

షెడ్డులో ఎక్కడి చేతులు అక్కడ ఆగిపోయాయి. ఆడవాళ్ళు చాటలు కింద పెట్టి చుట్టూ మూగారు. అమ్మాయి నా చేయి పట్టుకుంది. నిజం చెప్పాలంటే నేనే ఆమె చేయి విరిగేలా పట్టుకున్నాను. సూది గుచ్చాడు. మొద్దుబారింది. తర్వాత డాక్టరు ఒక్క పట్టు పట్టి, అటూ ఇటూ కదిపి, లాగాడు. నాకు వినపడిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పన్ను పళ్ళెంలో టంగుమని పడింది. "అవ్వో!" అని ఆడవాళ్ళంతా ఒక్కసారి అరిచారు. బాపు కర్ర పట్టుకుని లేచి నిలబడి, "ఏమైంది, ఏమైంది?" అంటున్నాడు.

నోటినిండా దూది. మాట్లాడే వీల్లేదు. మాట్లాడకుండా ఉండడం నా జీవితంలో అదే మొదటిసారి అని మా ఆఫీసువాళ్ళు అంటారు. తిన్నగా ఆ వాపు చెంప ఆమె దగ్గరికి వెళ్ళి, ఆమె చాట నా ఒళ్ళోకి లాక్కున్నాను. నేనూ బీడీలు చుట్టినదాన్నే, బడి రోజుల్లో మా అమ్మ పక్కన కూర్చుని. తునికాకు తీశాను, కత్తెరతో కొలతకు కత్తిరించాను, తంబాకు పరిచి చుట్టాను, మూతి మడిచాను, దారం కట్టాను. కళ్ళు సరిగ్గా లేనివాళ్ళు చేసే పని కాదది. బీడీ ఆమె చేతిలో పెట్టి, నా రెండు కళ్ళూ వేలితో చూపించాను.

ఆమె ఉన్న ఒక్క కన్నుతో ఆ బీడీని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"కన్నుకైతే ఏం గాలె," అంది చివరికి. "గని పనితనమే పోయిందక్క నీది. గింత లావు సుడితె కంపెనోడు అవుతల పారేస్తడు."

అందరూ పగలబడి నవ్వారు. నేను దూదితోనే నవ్వాను, నెత్తురు గడ్డం దాకా కారింది. ఆ నవ్వులోనే ఆమె లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. "పాండ్రి, యాడికి రావాలె?" అంది. వెనకనుంచి బాపు గొంతు వినిపించింది, "పో బిడ్డా. అయ్యేదేదో అయితది. నేనే తప్పు సెప్పిన్నేమో" అని. పెద్దమనిషి అంత మాట అనడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు నాకూ వయసు మీదపడ్డాక తెలుస్తోంది.

కారులో ఆమెను నా భుజం మీద ఆనించుకుని నిజామాబాద్ తెచ్చాం. దవాఖానలో చీము తీసి, మందు ఎక్కించి, జ్వరం లొంగాక కోరపన్ను తీసేశారు. రోజూ ఆఫీసు అవగానే నేనూ అమ్మాయీ పోయి చూసేవాళ్ళం. మొదట కంటి రెప్ప గీతలా విచ్చింది. తర్వాత కొంచెం నలుపు కనపడింది. ఒకరోజు మేం వెళ్ళేసరికి ఆమె రెండు కళ్ళూ తెరిచి, కిటికీలోంచి కింద జామకాయల బండి వైపు చూస్తోంది. "అక్కా, గా జామకాయలల్ల ఒకటి పురుగుపట్టినట్టుంది" అంది. నేను ఆమెను గట్టిగా పట్టుకుని ఏడ్చేశాను. నర్సు వచ్చి ఎవరికేమైందని కంగారుపడింది.

ఈలోగా అమ్మాయి తన లెక్క మార్చింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చతో పాటు బూడిద రంగు ఒకటి పెట్టింది. బూడిద అంటే తెలియదు అని. నోరు చూడకుండా ఎవరినీ ఆకుపచ్చలో వేయకూడదని, బండి ముందు బూడిద ఊళ్ళకే పోవాలని రాసింది. నా ఉద్యోగకాలంలో ఎన్నో రిపోర్టులు చూశాను కానీ మాకు తెలియదు అని ధైర్యంగా రాసిన రిపోర్టు అదొక్కటే. హైదరాబాద్ వాళ్ళు మాత్రం ఒక్క మనిషి కేసు పట్టుకుని ఇన్ని ఊళ్ళ రంగు మారుస్తారా అని తిరిగి రాశారు. మేనేజర్ ఆ జవాబు చదివి వినిపించి చేతులెత్తేశాడు. టౌన్‌కే బండి అని తేలిపోయేట్టుంది. అమ్మాయి సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసు మెట్ల మీద గలగల వినిపించింది. ఆ కోరపన్ను ఆమె వచ్చింది. రెండు కళ్ళూ మిలమిలా మెరుస్తున్నాయి. వెనకాల వాళ్ళ ఊరి ఆడవాళ్ళు, బస్టాండు నుంచి రెండు ఆటోల్లో కుక్కుకుని వచ్చినవాళ్ళు. అందరికీ పై పళ్ళు చూపించుకోవాలట. నేను వెంట ఉంటే భయముండదని డాక్టరు కంటే ముందు మా ఆఫీసుకు వచ్చారు.

గోడ మీది పోస్టర్లు చూసి ఏమిటవి అని అడిగారు. చెప్పాను. ఇది టౌన్ నోరు, ఇది మీ నోరు, పైన ఖాళీ. ఆమె బోధన్ నోటి ముందు నిలబడి కాసేపు చూసింది. "బొట్లు ఉన్నయా అక్క?" అంది. హ్యాండ్‌బ్యాగులోంచి ప్యాకెట్టు తీసిచ్చాను. తన పెదవి ఎత్తి వేలితో తడుముకుని, బొమ్మలో పోల్చుకుని, పై వరుసలో ఎడమవైపు కోరపన్ను మీద బొట్టు నొక్కి పెట్టింది. "గిది నాది."

ఇక చూడాలి! ఒక్కొక్కరే ముందుకు వచ్చారు. నాకు ముందు పన్ను నొస్తది, నాకు గా ఎనకది, నాకైతే రెండు, అంటూ ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ బొట్లు పెట్టారు. అమ్మాయి సంచీ కింద పడేసి వచ్చి నంబర్లు గట్టిగా చదువుతోంది. అకౌంట్స్ ఆయన మళ్ళీ హౌసీ గొంతు అందుకున్నాడు. పై వరుస చూస్తుండగానే ఎర్రబడిపోయింది. మేనేజర్ ఏమీ అనకుండా ఫోన్ తీసి ఆ గోడను ఫోటో కొట్టి, హైదరాబాద్‌కు పంపాడు. కింద ఒక్క ముక్క రాశాడు. "బండి ఎప్పుడు పంపుతున్నారు?" అని. బండి వచ్చింది, కానీ ఆ సంగతి తర్వాతిది. బాపు కూడా కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు, అయితే పండ్ల డాక్టరు చెప్పాడని కాదు, తనకే బుద్ధి పుట్టిందని ఇప్పటికీ అంటాడు.

ప్యాకెట్టులో ఒక్క బొట్టు మిగిలింది. ఆమె దాన్ని వేలి కొనకు అంటించుకుని నా వైపు తిరిగింది.

"నీది ఏ పన్నక్క?"

"నాది వద్దు," అన్నాను. "నేను మీ సంఘం దాన్ని కాను. నాది ఈ లెక్కల రాదు."

ఆమె వినలేదు. నా గడ్డం పట్టుకుని పైకెత్తి, నోరు తెరిపించి, ఆ సందు ఎక్కడుందో తన రెండు కళ్ళతో బాగా చూసుకుంది. బొమ్మ దగ్గరికి వెళ్ళి, పై వరుసలో సరిగ్గా ఆ చోటే బొట్టు పెట్టింది.

"మా ఊళ్ళె ఊడింది గద," అంది. "మాదే."

అందుకే ఆ సందులో పన్ను కట్టించుకోలేదు.